గిరాకీ బాగున్నప్పుడు చేసే తప్పులు

వ్యాపారంలో జరిగే తప్పులేమిటని ఎవరినడిగినా ఒక జాబితా చెప్పేస్తారు. మార్కెట్ చూసుకోకుండా దిగడం, పెట్టుబడి చాలకపోవడం, పోటీని తక్కువ అంచనా వేయడం, లెక్కలు సరిగ్గా రాసుకోకపోవడం. ఇవన్నీ నిజమే. కాకపోతే ఇవి మునిగిపోయిన తర్వాత వెనక్కి తిరిగి చూసి రాసుకునే కారణాలు. చిన్న, మధ్య తరహా వ్యాపారాల లెక్కలు చూసే పని నాది కాబట్టి, ఆ కారణాలు పుట్టిన నెలలో పుస్తకాల్లో ఎలా కనిపిస్తాయో చూస్తుంటాను. అప్పుడవి అసలు తప్పుల్లా ఉండవు. అమ్మకాలు పెరిగాయి, పెద్ద ఆర్డర్ వచ్చింది, రెండో బ్రాంచి తెరుస్తున్నాం, కొత్తగా మనుషుల్ని తీసుకున్నాం. అన్నీ స్వీట్లు పంచే వార్తలే.

వ్యాపారాన్ని కూలదోసే తప్పుల్లో ఎక్కువ భాగం గిరాకీ బాగున్న రోజుల్లోనే జరుగుతాయని నా వాదన. గిరాకీ తగ్గినప్పుడు అవి బయటపడతాయి, అంతే. కష్టకాలంలో ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. ప్రతి ఖర్చుకీ రెండుసార్లు ఆలోచిస్తారు, ప్రతి బాకీనీ వెంటపడి వసూలు చేస్తారు. చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు మాత్రం ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అడిగితే అపశకునం పలికినట్టు చూస్తారు.

ముందు డబ్బు సంగతే చూద్దాం. అమ్మకాలు రెట్టింపయ్యాక జీతాలకు డబ్బు చాలడం లేదని వచ్చేవాళ్లకు మొదట అనుమానం వచ్చేది దొంగతనం మీద. "లాభం కనిపిస్తోంది కదండీ, మరి డబ్బేది? లోపల ఎవరో తినేస్తున్నారు" అంటారు. చాలాసార్లు ఎవరూ ఏమీ తిని ఉండరు. నేనొక తెల్లకాగితం తీసి ఇలా వేసి చూపిస్తాను. నెలకు 100 అమ్ముతున్నారు, ఖర్చులన్నీ కలిపి 80. ఖర్చులు ఆ నెలలోనే కట్టాలి, అమ్మిన డబ్బు మాత్రం రెండు నెలల తర్వాత వస్తుంది. ఇలాగే కొంతకాలంగా నడుస్తుంటే నెలనెలా 100 వస్తుంది, 80 పోతుంది, 20 మిగులుతుంది. ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు అమ్మకాలు ఒక్కసారిగా 200 అయ్యాయి, ఖర్చు 160 అయింది. కానీ ఆ నెల చేతికొచ్చేది రెండు నెలల కిందట అమ్మిన 100 మాత్రమే. 60 తక్కువ. రెండో నెలా అంతే, ఇంకో 60 తక్కువ. ఆ రెండు నెలలకూ పుస్తకాల్లో 80 లాభం ఉంటుంది, బ్యాంకు ఖాతాలో 120 తగ్గి ఉంటుంది. మూడో నెల నుంచి 200 రావడం మొదలై నెలకు 40 మిగిలినా, ఆ లోటు పూడటానికి మరో మూడు నెలలు పడుతుంది. ఈలోగా ఇంకో పెద్ద ఆర్డర్ వచ్చిందంటే లోటు మీద లోటు.

ఈ లెక్కలో ఎవరూ తప్పు చేయలేదు. సరుకు మంచిదే, కొనేవాళ్లు మంచివాళ్లే, లాభం నిజమైనదే. అయినా ఆ రెండో నెలలో చాలామంది అధిక వడ్డీకి అప్పు తెస్తారు. ఆ వడ్డీ లాభంలో సగం తినేస్తుంది. తర్వాతి నెలలో ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ఏడాది తర్వాత చూస్తే వ్యాపారం బాగానే ఉంటుంది, యజమాని మాత్రం అప్పిచ్చినవాడికి జీతగాడై ఉంటాడు.

ఆర్డర్ ఒప్పుకునే ముందు మూడు సంఖ్యలు తెలిసి ఉంటే ఇది చాలావరకు తప్పుతుంది. సరుకు మన దగ్గర ఎన్ని రోజులు నిలవ ఉంటుంది, అమ్మాక డబ్బు ఎన్ని రోజులకు వస్తుంది, మనం కొన్నచోట మనకెన్ని రోజుల గడువుంది. మొదటి రెండూ కూడి మూడోది తీసేయండి. మిగిలిన అన్ని రోజులూ ఆ వ్యాపారం మన సొంత డబ్బు మీదో అప్పు మీదో నడవాలి. 1990లలో డెల్ కంప్యూటర్ సంస్థ ఈ సంఖ్యను సున్నా కన్నా కిందికి తెచ్చుకుంది. కొనేవాళ్ల దగ్గర ముందే డబ్బు తీసుకుని, ఆర్డర్ వచ్చాకే కంప్యూటర్ తయారుచేసి, విడిభాగాలు ఇచ్చినవాళ్లకు తర్వాత కట్టేది. అందుకే అది ఎంత పెరిగితే చేతిలో అంత డబ్బు చేరేది. మనలో ఎక్కువమందికి అది కుదరదు. కానీ ఆ సంఖ్య 70 రోజులో 40 రోజులో తెలిసి ఉండటం వేరు, తెలియకపోవడం వేరు. దీనితోపాటు రాబోయే 13 వారాలకు వారంవారీగా ఏ డబ్బు వస్తుంది, ఏది పోతుంది అని ఒక పట్టిక ఉండాలి. 13 వారాలంటే మూడు నెలలు. అంతకన్నా ముందుకు వేసే అంచనాల్లో ఊహ ఎక్కువ, లెక్క తక్కువ.

ఇక వసూళ్లు. గిరాకీ బాగున్నప్పుడు బాకీలు అడగడానికి మొహమాటం ఎక్కువవుతుంది. ఎలాగూ డబ్బు వస్తోంది, మంచి కస్టమర్, ఇప్పుడే అడిగితే ఏమనుకుంటాడో అని. కొన్నిచోట్ల బిల్లు పంపడమే రెండు వారాలు ఆలస్యం. మనం పంపని బిల్లు అవతలివాడెందుకు కడతాడు? పాతబడిన కొద్దీ బాకీ మొండి బాకీ అవుతుంది. సరుకు ఎవరు తీసుకున్నారో గుర్తుండదు, ఆర్డర్ ఇచ్చిన మనిషి ఉద్యోగం మారిపోతాడు, "అందులో సగం నాణ్యత బాగాలేదు" అనే మాట కొత్తగా పుడుతుంది. నేను అందరికీ చెప్పేది ఒకటే. గడువు దాటాక ఫోన్ చేయకండి, గడువుకు వారం ముందు చేయండి. "బిల్లు అందిందా, అందులో ఏమైనా తేడా ఉందా" అని అడగండి. అది బాకీ అడగడం కాదు కాబట్టి మొహమాటం ఉండదు. తేడా ఉంటే అప్పుడే తేలిపోతుంది, తర్వాత దాన్ని సాకుగా వాడుకోలేరు. ఇంకోటి, సరుకు అమ్మే మనిషీ డబ్బు అడిగే మనిషీ ఒక్కరే కాకుండా చూసుకోండి. స్నేహంగా ఉండాల్సినవాడు గట్టిగా అడగలేడు.

ధరల విషయంలో జరిగే తప్పు ఇంకా చిత్రమైనది, ఎందుకంటే అది జనాదరణ రూపంలో వస్తుంది. తక్కువ ధరకు అమ్ముతుంటే జనం వస్తారు, మెచ్చుకుంటారు, పదిమందికి చెబుతారు. ఆ సందడి చూసి మన ధర సరైనదే అనుకుంటాం. అంతమంది రావడం ధర మరీ తక్కువగా ఉందనడానికి కూడా గుర్తు కావచ్చు. వందకు అమ్మే వస్తువు మీద 30 మిగులుతుందనుకోండి. 10 శాతం డిస్కౌంట్ ఇస్తే మిగిలేది 20. పాత లాభమే రావాలంటే అమ్మకాలు 50 శాతం పెరగాలి. డిస్కౌంట్ ఇచ్చేవాళ్లలో ఎందరు ఈ భాగహారం చేసి ఉంటారని నాకు అనుమానం. తిరగేసి చూడండి. అదే వస్తువు ధర 10 శాతం పెంచితే మిగిలేది 40. కొనేవాళ్లలో నాలుగోవంతు మంది వెళ్లిపోయినా లాభం తగ్గదు. పని తగ్గుతుంది, నిలవ తగ్గుతుంది, టెన్షన్ తగ్గుతుంది. నలుగురిలో ఒకరు నిజంగా వెళ్లిపోతారా అన్నది వేరే ప్రశ్న. ఎక్కువ సందర్భాల్లో అంతమంది వెళ్లరు.

పెంచాలంటే భయం సహజమే. అందరికీ ఒకేసారి పెంచనక్కర్లేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ముందు కొత్త ధర చెప్పి చూడొచ్చు. వాళ్లకు పాత ధర తెలియదు కాబట్టి వాళ్ల స్పందనే అసలైన పరీక్ష. పాతవాళ్లకు రెండు మూడు నెలల గడువుతో, కారణంతో సహా రాసి పంపాలి. ముందు తప్పు ధర పెట్టుకుని ఏటా క్షమాపణలతో పెంచుకుంటూ పోయే కన్నా ఇదే మర్యాద.

ఆఫర్ల సంగతికొస్తే, నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది హూవర్ కంపెనీ. 1992లో ఆ కంపెనీ బ్రిటన్ విభాగం, వాక్యూమ్ క్లీనర్లు, వాషింగ్ మెషిన్లు గిడ్డంగుల్లో పేరుకుపోవడంతో ఒక ఆఫర్ పెట్టింది. 100 పౌండ్లకు పైగా కొంటే రెండు రానుపోను విమాన టికెట్లు ఉచితం. ముందు యూరప్‌కు ఇచ్చారు, బాగా నడిచిందని అమెరికాకూ ఇచ్చారు. దరఖాస్తులూ, షరతులూ, తేదీలూ అంటూ తిప్పితే చాలామంది మధ్యలోనే వదిలేస్తారని కంపెనీ లెక్క. జనం లెక్క వేరే. అమెరికా టికెట్ల ధర ముందు వాక్యూమ్ క్లీనర్ ధర ఏపాటి? ఇంట్లో ఒకటి ఉన్నవాళ్లు కూడా ఇంకోటి కొన్నారు, పెట్టె విప్పకుండానే అమ్మేసుకున్నారు. కోర్టు కేసులు నడిచాయి. చివరికి దాదాపు 2,20,000 మంది ఆ టికెట్ల మీద ప్రయాణించారు. కంపెనీకి ఖర్చు సుమారు 5 కోట్ల పౌండ్లు. మాతృసంస్థ మేటాగ్ పెద్ద అధికారుల్ని తొలగించింది, 1995లో యూరప్ వ్యాపారాన్నే ఇటలీకి చెందిన కాండీకి అమ్మేసుకుంది.

ఈ కథను అందరూ మూర్ఖత్వానికి ఉదాహరణగా చెప్పుకుని నవ్వుకుంటారు. నాకు మాత్రం ఇందులో అసలు సంగతి మొదటి ఆఫర్ బాగా నడవడంలో ఉందనిపిస్తుంది. యూరప్ టికెట్లతో అమ్మకాలు పెరిగాయి. ఆ ఊపులో, అందరూ వచ్చి అడిగితే ఏమిటి పరిస్థితి అనే ప్రశ్న ఎవరూ గట్టిగా వేయలేదు. ఏ ఆఫర్ పెట్టేముందైనా వేసుకోవాల్సిన లెక్క అదొక్కటే. నూటికి నూరుమంది దాన్ని వాడుకుంటే మనం బతుకుతామా? బతకలేమంటే, జనం వాడుకోరన్న ఆశ మీద ఆ ఆఫర్ నిలబడింది.

పెద్ద కస్టమర్ దొరకడం కూడా ఇలాంటి శుభవార్తే. మొదట్లో అమ్మకాల్లో వాళ్ల వాటా పదో వంతు ఉంటుంది. వాళ్ల పని బాగా చేస్తాం, ఇంకా ఇస్తారు. వాళ్లకోసం యంత్రం కొంటాం, మనుషుల్ని పెడతాం, చిన్న కస్టమర్లకు టైమ్ లేదంటాం. ఒకరోజు చూసుకుంటే మన అమ్మకాల్లో సగం పైన వాళ్లవే. అప్పటికి ధర వాళ్లు చెప్పిందే, గడువు వాళ్లు పెట్టిందే. పేరుకు మనం యజమానులం.

బ్రిటన్‌లో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ సంస్థ ఉండేది. ఆసుపత్రులు, రహదారులు, ప్రభుత్వ భవనాల నిర్వహణ లాంటి కాంట్రాక్టులు ఎన్నో దాని చేతిలో ఉండేవి. అంత పెద్ద సంస్థ, అందులోనూ ప్రభుత్వ పనులు అనేసరికి దాని కింద పనిచేసే చిన్న కంపెనీలు ధైర్యంగా ఉన్నాయి. చెల్లింపుకు 120 రోజుల గడువు పెట్టినా ఒప్పుకున్నాయి. 2017 జూలైలో ఆ సంస్థ తన కాంట్రాక్టుల్లో 84.5 కోట్ల పౌండ్ల నష్టం చూపించాల్సి వచ్చింది. 2018 జనవరి 15న మూతపడింది. అప్పటికి చెల్లించాల్సింది దాదాపు 700 కోట్ల పౌండ్లు, చేతిలో ఉన్నది 2.9 కోట్లు. సుమారు 30,000 మంది సరఫరాదారులు, సబ్‌కాంట్రాక్టర్లకు కలిపి దాదాపు 200 కోట్ల పౌండ్లు రావాల్సి ఉంది. నాలుగు నెలల గడువు ఒప్పుకున్నవాళ్లు నిజానికి నాలుగు నెలల అమ్మకాలను ఆ సంస్థకు తాకట్టు లేకుండా అప్పిచ్చారు. అప్పు అనుకుని ఉంటే అంత ఇచ్చేవాళ్లా? కాంట్రాక్టు అనుకున్నారు కాబట్టి ఇచ్చారు.

పెద్ద కస్టమర్‌ను వదులుకోమని నేను చెప్పను, అది తిన్నగా ఆలోచించేవాళ్లు ఇచ్చే సలహా కాదు. ఒక పరిమితి పెట్టుకోవాలి. ఒకే చోట ఇరుక్కుపోయే బాకీ ఎంతవరకు ఉంటే, అది రాకపోయినా మనం జీతాలు ఇవ్వగలమో ఆ అంకె ముందే రాసుకోవాలి. అది దాటాక కొత్త సరుకు పంపేముందు పాతదానికి కొంతైనా రావాలి. ఈ షరతు పరిచయం కొత్తగా ఉన్నప్పుడే పెట్టాలి. మూడేళ్ల తర్వాత పెడితే అవమానంగా తీసుకుంటారు.

విస్తరణ గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెబుతారు. ఒక్క ఉదాహరణ చాలు. వెబ్‌వాన్ అనే అమెరికా సంస్థ ఇంటర్నెట్‌లో ఆర్డర్ తీసుకుని ఇంటికి సరుకులు చేర్చే వ్యాపారం 1999 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మొదలుపెట్టింది. మరుసటి నెలలోనే 26 భారీ గిడ్డంగులు కట్టడానికి బెక్టెల్ సంస్థతో 100 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. మొదటి గిడ్డంగి లాభం తెస్తుందో లేదో తేలకముందే! 2001 జూలైకి దివాలా. ఇంటికి సరుకులు చేర్చే ఆలోచన తప్పేమీ కాదని తర్వాతి కాలం రుజువు చేసింది. తేలని లెక్కను 26తో గుణించడమే కొంప ముంచింది.

ప్లాస్టిక్ ఇటుక ముక్కలతో కట్టుకునే బొమ్మలు చేసే డెన్మార్క్ కంపెనీ లెగో కథ మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లు బయటపడ్డారు. 1999లో ఒక ప్రసిద్ధ సినిమా వరసతో, తర్వాత ఇంకో పిల్లల సినిమా వరసతో ఒప్పందాలు చేసుకుని ఆ బొమ్మలు అమ్మారు. సినిమా వచ్చిన ఏడాది అమ్మకాలు అదిరిపోయేవి. ఆ రోజుల్లో థీమ్ పార్కులు, దుస్తులు, వీడియో గేములు, కొత్తరకం బొమ్మలు అన్నిట్లోకీ విస్తరించారు. ఇటుక ముక్కల రకాలు వేలకు వేలు పెరిగిపోయాయి. కొత్త రకం ముక్క అంటే కొత్త అచ్చు, అచ్చంటే పెద్ద ఖర్చు. 2003లో ఆ సినిమాలేవీ విడుదల కాలేదు. అమ్మకాలు పడిపోయాయి. అప్పటిదాకా సినిమాలు కప్పిపెట్టినదంతా ఒక్కసారిగా కనిపించింది. 2004లో నష్టం దాదాపు 190 కోట్ల డానిష్ క్రోనర్లు.

అదే ఏడాది 35 ఏళ్ల యోర్గెన్ విగ్ క్నుడ్‌స్టోర్ప్ పగ్గాలు తీసుకున్నాడు. కొత్త ఆలోచనలేవీ తేలేదు. ముక్కల రకాలు దాదాపు సగానికి తగ్గించాడు, 2005లో థీమ్ పార్కుల్లో అధిక వాటా అమ్మేశాడు, ఏ బొమ్మ మీద నిజంగా ఎంత మిగులుతోందో లెక్క కట్టించాడు. ఆ మూడో పనే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. నేను చూసే వ్యాపారాల్లోనూ మొత్తం లాభం తెలుసు, ఏ వస్తువు మీద ఎంతో తెలియదు. విడదీసి చూస్తే నాలుగు రకాల్లో రెండు మిగతా రెండింటి కష్టార్జితం మీద బతుకుతుంటాయి. అలా బతుకుతున్నది ఎక్కువసార్లు యజమానికి ఇష్టమైన రకమే అయి ఉంటుంది. అక్కడే గొడవ మొదలవుతుంది.

కెమెరా ఫిల్మ్ అమ్మిన కొడాక్ పేరు ఈపాటికి కొందరికి గుర్తొచ్చే ఉంటుంది. 1975లోనే స్టీవ్ సాసన్ అనే వాళ్ల ఇంజనీరు డిజిటల్ కెమెరా తయారుచేశాడు, కంపెనీ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. ముందుచూపు లేదని తిట్టడం తేలిక. ఫిల్మ్ మీద వచ్చే లాభం అంత బాగుంటే దాన్ని తగ్గించే వస్తువును ఎవరు ముందుకు తోస్తారు? పోటీదారు ఫ్యూజీఫిల్మ్‌కూ ఫిల్మ్ గిరాకీ అలాగే పోయింది. కానీ వాళ్లు ఎల్‌సీడీ తెరలకు కావాల్సిన పలుచటి పొరలు, సౌందర్య సాధనాలు, వైద్య పరికరాల వైపు తమ రసాయన పరిజ్ఞానాన్ని మళ్లించారు. అందుకు పెట్టిన డబ్బులో ఫిల్మ్ లాభం కూడా ఉంది.

గిరాకీ కప్పిపెట్టే ఇంకో విషయం, వెళ్లిపోయేవాళ్లు. కొత్తవాళ్లు బారులు తీరుతుంటే పాతవాళ్లు ఎప్పుడు జారుకున్నారో గమనించం. నెలకు 100 మంది కొత్తగా చేరుతున్నారు, ఉన్నవాళ్లలో నెలకు 10 శాతం వెళ్లిపోతున్నారు అనుకోండి. మొదట్లో సంఖ్య వేగంగా పెరుగుతుంది, అందరికీ ఆనందం. 1,000 దగ్గరికి చేరేసరికి వచ్చేవాళ్లూ 100, పోయేవాళ్లూ 100. ఇక కదలదు. అప్పుడు అందరూ ప్రకటనల మీద పడతారు. ఇంకా డబ్బు పోసి ఇంకా కొత్తవాళ్లను తెస్తారు. వెళ్లిపోయిన పదిమందికి ఫోన్ చేసి ఎందుకు మానేశారో అడిగితే ఖర్చు ఏమీ లేదు. కానీ ఆ ఫోన్ ఎవరూ చేయరు, చేయాలంటే నామోషీ. ఫిర్యాదు చేసేవాడు నయం, ఇంకా మన మీద ఆశ ఉన్నవాడు. మాట్లాడకుండా పోయినవాడి దగ్గరే అసలు సమాచారం ఉంది.

భాగస్వామ్యాల గురించి రెండు మాటలు. స్నేహంగా ఉన్నప్పుడు కాగితం రాసుకోవడం అనుమానించడమే అనుకుంటారు. గొడవలయ్యాక రాసుకోవడం ఎలాగూ కుదరదు. ఒకరు బయటికి వెళ్తే వాటా విలువ ఎలా కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి, ఒకరు పనిచేయలేని పరిస్థితి వస్తే ఏమిటి, ఇద్దరి మాటా కలవకపోతే ఎవరి మాట చెల్లుతుంది. ఈ నాలుగూ మొదటి లాభం పంచుకోకముందే రాసుకోవాలి. అలాగే ఇంటి ఖర్చుకు వ్యాపారం నుంచి తీసుకునే మొత్తం. నెలకింత అని జీతంలా పెట్టుకోండి, బాగున్న నెలలోనూ అంతే. బాగున్న నెలలో పెంచిన ఇంటి ఖర్చు బాగాలేని నెలలో తగ్గదు, ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.

ఇంతదాకా చదివినవాళ్లలో కొందరికి చిరాకు వచ్చి ఉంటుంది. ఇలా ప్రతిదానికీ భయపడితే వ్యాపారం ఎవరు చేస్తారు, అవకాశం మనకోసం ఆగుతుందా అని. న్యాయమైన ప్రశ్నే. లెక్కలు చూసేవాళ్లం సహజంగానే కాస్త భయస్తులం, మా మాటే వింటే ప్రపంచంలో సగం వ్యాపారాలు మొదలయ్యేవే కావు. అమెజాన్ అప్పటి అధినేత జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో నిర్ణయాలను రెండు రకాలుగా విడదీశాడు. ఒక రకం, లోపలికి వెళ్లాక వెనక్కి రాలేనివి. రెండో రకం, నచ్చకపోతే వెనక్కి తిరిగి రాగలిగినవి. మొదటివాటికి నిదానం కావాలి, రెండోవాటిని వెంటనే తేల్చేయాలి, సంస్థలు పెద్దవయ్యేకొద్దీ అన్నిటినీ మొదటి రకంలా చూస్తూ మందగిస్తాయి అని ఆయన వాదన. నేను దీంతో ఏకీభవిస్తాను. కొత్త రకం వస్తువు కొద్దిగా తెచ్చి అమ్మి చూడటానికి నెలలపాటు చర్చలక్కర్లేదు. పదేళ్ల లీజు, ఆస్తి తాకట్టు, వ్యక్తిగత హామీతో తెచ్చే అప్పు, వాటా ఇచ్చి తెచ్చుకునే భాగస్వామి, ఇవి వేరు. చిన్న వ్యాపారాల్లో నాకు తరచు కనిపించేది దీనికి తలకిందులు. మొదటి రకం నిర్ణయాలు భోజనాల దగ్గర తేలిపోతాయి, బిల్లు పుస్తకం రంగు మీద మాత్రం మూడు మీటింగులు.

మొదటి రకం నిర్ణయాలకు ఒక మంచి పద్ధతి ఉంది. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త 2007లో దీని గురించి రాశాడు. పని మొదలుపెట్టే ముందు అందరినీ కూర్చోబెట్టి, "ఏడాది గడిచింది, ఈ పని ఘోరంగా విఫలమైంది, ఎందుకు విఫలమైందో ఎవరికి వాళ్లు రాయండి" అనడం. ఏం తప్పు జరగొచ్చు అనడిగితే ఎవరూ నోరు విప్పరు. యజమాని ఉత్సాహం మీద నీళ్లు చల్లినవాడిగా మిగిలిపోవాలని ఎవరికుంటుంది? విఫలమైపోయిందని ముందే అనుకున్నాక కారణాలు చెప్పడం తెలివితేటల కింద లెక్క. అందుకే రాస్తారు. గిడ్డంగి చూసుకునే కుర్రాడు రాసిన ఒక్క లైను, సలహాదారు నివేదిక కన్నా విలువైనదవడం నేను చూశాను.

ఇప్పటికే నడుస్తున్న, ఆపాలో వద్దో తేలని పనులకు ఇంకో పద్ధతి. 1985లో ఇంటెల్ మెమరీ చిప్‌ల వ్యాపారంలో జపాన్ కంపెనీల చేతిలో దెబ్బతింటోంది. మెమరీతోనే పుట్టిన కంపెనీ, వదలడానికి మనసొప్పదు. అప్పుడు కంపెనీ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్, సీఈఓ గోర్డన్ మూర్‌ను ఒక ప్రశ్న అడిగాడు. మనల్ని తీసేసి కొత్తవాడిని తెస్తే అతను మొదట ఏం చేస్తాడు? మెమరీ మానేస్తాడని మూర్ జవాబు. అయితే ఆ పని మనమే ఎందుకు చేయకూడదనుకున్నారు, మైక్రోప్రాసెసర్ల వైపు వెళ్లారు. ఇంత పెట్టాం, ఇన్నేళ్లు కష్టపడ్డాం అనే మాట వినిపించిన ప్రతిచోటా నేను ఈ ప్రశ్నే వేస్తాను. కొత్తగా వచ్చేవాడికి మనం పెట్టిన డబ్బు బరువు ఉండదు, రేపు రాబోయే డబ్బు మాత్రమే కనిపిస్తుంది.

ఇవన్నీ ముందు జాగ్రత్తలు. ఇప్పటికే పీకల్లోతు దిగినవాళ్ల సంగతి? వాళ్లు చేసే మొదటి తప్పు ఫోన్ ఎత్తకపోవడం. బాకీవాళ్ల నంబర్లు చూసి ఫోన్ తిరగేసి పెట్టేస్తారు. డబ్బు రావాల్సినవాళ్లు దీన్ని మన దగ్గర డబ్బు లేకపోవడంగా చూడరు, ఎగ్గొట్టే ఆలోచనగా చూస్తారు. అక్కడినుంచి మాట లాయర్ దాకా పోతుంది. గడువు తేదీ రాకముందే మీరే ఫోన్ చేయండి. ఎంత ఇవ్వగలరో, ఎప్పుడివ్వగలరో చెప్పండి. చెప్పే ముందు ఆ 13 వారాల పట్టిక వేసుకోండి, లేకపోతే మళ్లీ తప్పాల్సిన మాటే ఇస్తారు.

ఎవరికి ముందివ్వాలన్నది గట్టిగా అరిచేవాడిని బట్టి తేల్చకండి. ఎవరికివ్వకపోతే రేపు పని ఆగిపోతుందో వాళ్లు ముందు. జీతాలు, కరెంటు, ఆ ఒక్క కీలకమైన ముడిసరుకు, చట్టప్రకారం వెంటనే కట్టాల్సిన పన్నులు. తర్వాత మిగతావాళ్లందరికీ చిన్న మొత్తమైనా సమానమైన నిష్పత్తిలో. ఒకరికి మొత్తం తీర్చి ఇంకొకరికి సున్నా ఇస్తే ఆ మాట రెండు రోజుల్లో పాకుతుంది. నష్టానికి అమ్ముతున్న రకం ఏదైనా ఉంటే ఆ వారమే ఆపండి, ఎంత పేరున్నదైనా సరే. నిలవ సరుకును అయినకాడికి అమ్మి రొక్కం చేసుకోండి. కొన్న ధర గుర్తుచేసుకోకండి, అది మళ్లీ రాదు. పాత అప్పు వాయిదా కట్టడానికి కొత్త అప్పు తెచ్చేముందు పాత అప్పిచ్చినవాళ్లనే గడువు పెంచమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే మీరు మూసేస్తే వాళ్లకొచ్చేది ఇంకా తక్కువ. ఒప్పుకున్న కొత్త తేదీలను ఒక చిన్న ఉత్తరంగా రాసి పంపండి, మొదటి వాయిదా ఎంత చిన్నదైనా చెప్పిన రోజుకన్నా ఒకరోజు ముందే వేయండి.